‘బాగానే ఉందండి’ చాలదు

ఈ వారం పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో ఒక మాట విని మనసు చివుక్కుమంది. అక్కడ ఎండుచేపలు అమ్మే అక్క ఒకామెది శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం. ఏళ్ల తరబడి వేధించిన సైనసైటిస్‌కి విశాఖలో ఎండోస్కోపీ ఆపరేషన్ చేయించుకుంది. కొన్నాళ్లు విమానం ఎక్కొద్దన్నారని చెల్లెలింట్లో ఆగి మరీ వచ్చింది. ఇప్పుడు ఇంట్లోవాళ్లు “స్కాన్ శుభ్రంగా ఉంది కదా, ఇంకేం బాధ?” అంటున్నారట. “చేప తడి పట్టిందో నేదో నా ముక్కుకింకా తెల్దు బాబూ” అంది నాతో. నెలల తరబడి వానలు కురిసే ఈ దీవుల్లో ఆ వాసన పసిగట్టడం మీదే ఆమె బేరం నడుస్తుంది.

ఆపరేషన్‌ని తక్కువ చేయను. ఒకప్పుడు పైపెదవి కింద కోసి, దవడ ఎముకకు కన్నం పెట్టేవారు. సైనస్ లోపలి సన్నని నూగు చీమిడిని ఎప్పుడూ సహజ ద్వారం వైపే తోస్తుందనీ, వేరేచోట కన్నం పెట్టినా దారి మారదనీ ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో మెసర్‌క్లింగర్ చూపించాడు. అందుకే ఇప్పుడు 4 మిల్లీమీటర్ల ఎండోస్కోప్‌తో ముక్కులోంచే వెళ్లి ఆ ద్వారాన్నే వెడల్పు చేస్తున్నారు. ముఖం మీద గాటుండదు. ఆ తర్వాత కాచి చల్లార్చిన ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం రోగి వంతు.

స్కాన్‌ కన్నా రోగి నోటి మాటే నమ్మాలని ఈ కాలమ్‌లో చాలాసార్లు రాశాను. “మరి డాక్టరుగారికి చెప్పావా అక్కా?” అని అడిగాను. “బాగానే ఉందండి అన్నాను. అంత పెద్దాయన, ఇంకేటంటాం?” అంది. మనలో చాలామందిమి ఇంతే. ఆపరేషన్ చేసిన మనిషి ఎదురుగా కూర్చుంటే బాధ చెప్పడం కృతఘ్నతలా అనిపిస్తుంది. కాబట్టి నోటి మాట ఒక్కటే చాలదని ఇప్పుడు ఒప్పుకోక తప్పదు. అంకెలు కావాలి.

అవి ఉన్నాయి. స్నాట్-22 అనే ప్రశ్నపత్రంలో 22 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 5 మార్కులు, మొత్తం 110. తగ్గితే మేలు. సుమారు 9 తగ్గితే రోగికి తేడా తెలుస్తుందని 2009లో బ్రిటన్ వైద్యులు తేల్చారు. ముక్కు దిబ్బడతో ఆగకుండా వాసన, నిద్ర, లేవగానే అలసట, పని మీద ధ్యాస, చిరాకు, దిగులు, అన్నీ అడుగుతుంది. మొహమాటానికి చోటివ్వదు.

ముక్కు ఆపరేషన్‌కి విశాఖ వెళ్లినా, చెన్నై వెళ్లినా, ఇక్కడే చేయించుకున్నా ముందుగా ఆ 22 ప్రశ్నలకూ మార్కులు వేయించుకోండి. ఆర్నెల్ల తర్వాత మళ్లీ వేయించండి. రెండు కాగితాలూ స్కాన్ పక్కనే ఫైల్లో పెట్టమని డాక్టరుగారిని అడగండి.