రాక్షసుల గుళ్ళు కావు, మనుషుల సమాధులు

ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో, దామరవాయి గుట్ట మీద, రాతి పలకలు నిలబెట్టి పైన పెద్ద బండ కప్పిన గూళ్ళు ఉన్నాయి. ఇవి ఇనుపయుగం నాటి సమాధులు, రెండు వేల ఏళ్ళకు పైబడినవి. తెలుగులో మాత్రం వీటిని రాక్షస గుళ్ళు అంటున్నారు. ఈ పేరు మీదే మా అభ్యంతరం.

ఇంత బరువైన బండను మామూలు మనిషి ఎత్తలేడు కాబట్టి రాక్షసుడే ఎత్తి ఉంటాడట. ఊరంతా కలిసి తాళ్ళు, దుంగలు వేసి లాగితే బండ కదులుతుందని అడవిలో పని చేసిన ఎవరికైనా తెలుసు.

చదువుకున్నవాళ్ళు అంతకన్నా మెరుగ్గా ఏమీ చెప్పలేదు. 1862లో మెడోస్ టేలర్ దక్కన్ సమాధుల మీద రాసిన వ్యాసం పేరులోనే వాటిని కెల్టులకో, డ్రూయిడ్లకో, సిథియన్లకో అంటగట్టాడు. శ్రమపడి తవ్వి, కొలతలు రాశాడు. ఆ మేలు కాదనం. కానీ కట్టినవాళ్ళ కోసం సముద్రాలు దాటి వెతికాడు. 1872లో జేమ్స్ ఫెర్గూసన్ కాటాపూర్ దగ్గరి శిలువ ఆకారపు రాళ్ళలో క్రైస్తవాన్ని చూశాడు. తల, చాచిన రెండు చేతులు ఉన్న మనిషి రూపం కావచ్చుననే ఆలోచనకు ఆయన చోటివ్వలేదు.

చనిపోయినవారికి రాయి నిలపడం ఈ దేశంలో ఆగిపోయిన ఆచారం కాదు. సవరలు గువార్ చేసి, దున్నను బలిచ్చి, చనిపోయినవారి పేరున రాయి నాటుతారు. గదబలకూ, బస్తరు మాడియాలకూ ఇలాంటి రాళ్ళున్నాయి. వెరియర్ ఎల్విన్ 1955లో అచ్చయిన పుస్తకంలో సవరల ఆచారాలను వాళ్ళ మధ్య ఉండి, వాళ్ళను అడిగి రాశాడు. అడిగి రాయడానికీ, దూరం నుంచి ఊహించడానికీ తేడా అక్కడ తెలుస్తుంది.

దామరవాయి సమాధులు మా తాతలవేనని మేము దావా వేయడం లేదు. అన్ని వేల ఏళ్ళ కిందటి ఎముకలు ఏ భాష మాట్లాడాయో ఎవరు చెప్పగలరు? అవి మనుషులవి, ఏడ్చి పూడ్చిన మనుషులవి అని మాత్రం గట్టిగా చెప్తాం.

పేరులో ఏముందని తీసిపారేయొద్దు. రాక్షసుడి గూడు అనుకుంటే నిధుల కోసం గడ్డపార ఎత్తడానికి చేయి వణకదు. ఎవరి తాతో నిద్రపోతున్నాడనుకుంటే ఆ చేయి ఒక్క క్షణమైనా ఆగుతుంది. అందుకే రాసేవాళ్ళను, బోర్డులు పెట్టేవాళ్ళను మేము అడిగేది ఒక్కటే: సమాధిని సమాధి అనండి. పేరు పెట్టే ముందు ఆ గుట్ట కింద బతుకుతున్న పెద్దలను అడగండి.