అంగిలి చూపే అద్దం

"నాకేటీ నొప్పి నేదు బాబూ."

శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో నోటి పరీక్షలకు వెళ్లినప్పుడల్లా ముందుగా వినపడే మాట ఇదే. దంతవైద్యుడిగా నన్ను భయపెట్టే మాట కూడా ఇదే.

ఇక్కడ అడ్డపొగ అలవాటు పాతది, అదీ ఆడవాళ్లలో ఎక్కువ. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లోకి తిప్పుకుంటారు. గాలికీ తడికీ నిప్పు ఆరదు, చేతులు పని చేసుకుంటూ ఉంటాయి. ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. ఇతర చోట్ల అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్ ఈ ప్రాంతంలో కనబడడానికి కారణం అదే. 1971లో వెలువడిన ఒక అధ్యయనం కోసం ఈ జిల్లాలో ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్లు చూశారు.

మొదట్లో నేను క్యాన్సర్ పుండ్ల బొమ్మలు పట్టుకెళ్లేవాణ్ణి. ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచిపోయేవారు. ఆ బొమ్మలోది ఎవరి నోరో. తమ నోరు నొప్పి పెట్టడం లేదు. ఇక నా మాట ఎందుకు వింటారు?

ఇప్పుడు నా సంచీలో టార్చి, పళ్లు చూసే చిన్న అద్దం, వాటితోపాటు మామూలు చేతి అద్దం ఒకటి ఉంటాయి. మొన్న ఒక మామ్మను అరుగు మీద కూర్చోబెట్టి, చిన్న అద్దం నోట్లో పెట్టి, పెద్దది ఆమె చేతికిచ్చి టార్చి వేశాను. గులాబీ రంగులో ఉండాల్సిన అంగిలి తెల్లగా మందమెక్కి, పగుళ్లిచ్చి ఉంది. మధ్యమధ్య ఎర్రని చుక్కలు. లాలాజల గ్రంథుల నోళ్లు వాచి అలా కనిపిస్తాయి. మామ్మ తన అంగిలిని చూసుకోవడం అదే మొదటిసారి. చాలాసేపు చూసింది.

"పెచ్చులూడిన గోడలాగుందేటి బాబూ! మానేత్తే పోద్దా?"

"ఇది క్యాన్సర్ కాదు మామ్మా. మానేస్తే చాలావరకు తగ్గుతుంది. పుండు పడి రెండు వారాల్లో మానకపోతే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు."

అక్కడితో నా పని అయిపోదు. మళ్లీ వెళ్లాలి. ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాల్లో పొగాకు వాడే 36 వేలమంది దగ్గరికి పరిశోధకులు ఏటేటా వెళ్లి, నోరు చూసి, మానమని నచ్చజెప్పారు. ఆ ప్రయత్నంతో క్యాన్సర్‌కు ముందొచ్చే మచ్చలు తగ్గాయని 1986లో ప్రకటించారు. ఒక్కరోజు శిబిరంతో అది సాధ్యమయ్యేది కాదు. 30 ఏళ్లు దాటినవాళ్లకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు ఇప్పుడు ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉన్నాయి. ఎవరింట్లో చుట్ట కాలుతోందో, ఎవరు పుండు దాచుకుంటున్నారో ఆశా కార్యకర్తకు తెలిసినంతగా నాకు తెలియదు. అందుకే ఆమె వెంట లేకుండా నేను గడప తొక్కను.

ఆ రోజు అద్దం తిరిగి ఇవ్వకముందే మామ్మ వీధిలో పోతున్న ఒకామెను కేకేసింది.

"నొప్పి నేదనుకోకే, ఇటొచ్చి నోరు సూపించుకో!"