అద్దము లేని గవాక్షము: పుదుచ్చేరి గోల్కొండ్ భవనము

గవాక్షమనగా అద్దమేయని నేటి నగరవాసి తలంచుచున్నాడు. ఆ తలంపు ఎంత సంకుచితమో తెలియుటకు పుదుచ్చేరిలోని గోల్కొండ్ భవనమును పరిశీలించిన చాలును. శ్రీ అరవిందాశ్రమవాసుల వసతికై 1937లో నిర్మాణమారంభమైన ఈ కట్టడమునకు రూపకర్త ఆంటొనిన్ రేమండ్. జార్జి నకషిమా, ఫ్రాంతిషెక్ సామ్మర్ ఆయనకు తోడైరి. హైదరాబాదు సంస్థానపు దివాను సర్ అక్బర్ హైదరీ ద్వారా నిజాము విరాళము లభించుటచే గోల్కొండ పేరు ఫ్రెంచి ఉచ్చారణతో దీనికి నిలిచినది. లోపల పరచినది కడపరాయి. యానాము నుండి పుదుచ్చేరికి పోవు తెలుగువారికిది పరాయి కట్టడము కాదు.

భవనపు పొడవైన ముఖములు ఉత్తర దక్షిణములకున్నవి. వాటియందు గోడయు లేదు, అద్దమును లేదు. త్రిప్పుటకు వీలైన అడ్డుపలకల వరుసలే కలవు. పలకలు వాల్చినచో గాలియు వెలుతురును వచ్చును, ఎండ రాదు. గదికిని నడవకును నడుమనున్న టేకు తలుపులకు సైతము సందులున్నవి. తలుపు మూసినను గాలి యాగదు, చాటు చెడదు.

ఉక్కబోత సీమలో దేహమునకు హాయి గూర్చునది ప్రధానముగా గాలి కదలిక. చెమట ఆరవలెను గదా! అద్దము ఎండను లోనికి విడుచును, వేడెక్కిన వస్తువులు వెలువరించు ఉష్ణకిరణములను మాత్రము వెలికి పోనీయదు. పూతపూసిన జంట అద్దములు ఈ దోషమును తగ్గించునేకాని, తెరచుకొనని అద్దము గాలి నీయజాలదు. చెన్నపట్టణము మొదలు విశాఖ వరకు పడమటి ఎండ కెదురుగా అద్దపు గోడలు నిలుపు యజమానులు, ఆ వేడిని తోడివేయుటకు మరల విద్యుత్తును కొనుచున్నారు. 2018 నాటి ఎకో నివాస్ సంహిత ఉక్క మండలములలోని నివాసములకు, తెరచుకొను భాగము లోపలి నేల వైశాల్యములో 16.66 శాతమునకు, అనగా ఆరవవంతునకు, తగ్గరాదని విధించినది. కొలువవలసినది అద్దమును కాదు, తెరపిని.

అయినను గోల్కొండ్‌ను పొగడి ఊరకుండరాదు. దాని పలకలు ఆస్బెస్టాసు సిమెంటువి. ఆ ధూళి ఊపిరితిత్తులకు హానికరమని నేడు స్థిరపడినది. నేటి నిర్మాతలు పద్ధతిని గ్రహింపవచ్చునుగాని పదార్థమును గ్రహింపరాదు. జడివానకు పలకలు మూసినచో గదికి వెలుతురు కొరవడును. అచ్చట, చూరునీడలో, ఎత్తున అమర్చిన చిన్న అద్దము మేలు చేయును. రద్దీ వీధిలోనైతే ధూళియు రొదయు పలకల సందులలో చొరబడును. ఆశ్రమపు తోటలు అందరికిని లభింపవు. అన్నిటికి మించి, వేళ యెరిగి పలక త్రిప్పు చేయి కావలెను. గోల్కొండ్‌కు ఆ శ్రద్ధ తొలినుండియు లభించినది: దాని ఇత్తడి సామగ్రిని సైతము భక్తులిచ్చిన పాత్రలు కరగించి పోతపోసిరి.