ఎక్కడ ఆగాలో చెప్పని ఆట

హత్య కేసు ఛేదించే బోర్డ్ గేమ్ కొనేముందు, కూర్చునేది ఎందరో, వాళ్లకు ఏది సరదానో చూసుకోవాలి. 1949 నుంచి అమ్ముడవుతున్న ‘క్లూడో’లో ఆరుగురు అనుమానితులు, ఆరు ఆయుధాలు, తొమ్మిది గదులు, మొత్తం 324 కలయికలు. ఒక్కొక్కటే కొట్టేస్తూ పోతే హంతకుడు తేలతాడు, కానీ ఎందుకు చంపాడన్న ప్రశ్నే రాదు. పదిమంది చేరి గోలగోలగా ఆడాలంటే ‘డిసెప్షన్: మర్డర్ ఇన్ హాంకాంగ్’ బాగుంటుంది. 12 మంది దాకా ఆడొచ్చు, హంతకుడు మన మధ్యే కూర్చుని బుకాయిస్తుంటాడు. ముగ్గురు నలుగురు ఒక సాయంత్రమంతా తీరిగ్గా కూపీ లాగాలంటే మాత్రం నా ఓటు ‘షెర్లాక్ హోమ్స్ కన్సల్టింగ్ డిటెక్టివ్’కే.

రేమండ్ ఎడ్వర్డ్స్, సుజాన్ గోల్డ్‌బర్గ్, గ్యారీ గ్రేడీ కలిసి రూపొందించిన ఈ ఆట 1981లో వచ్చింది. 1985లో జర్మనీ వాళ్లు ఆ ఏటి మేటి ఆటగా ఎంచుకున్నారు. పెట్టెలో పాచికలు లేవు, పావులు లేవు. విక్టోరియా రాణి కాలపు లండన్ మ్యాపు, ఊళ్లోవాళ్ల చిరునామాల డైరెక్టరీ, పది కేసులు, కేసుకో టైమ్స్ పత్రిక. మనం హోమ్స్ కాదు, ఆయన కోసం వీధులు తిరిగే కుర్రాళ్లం.

అసలు పనితనం ఆ డైరెక్టరీలో ఉంది. కేసులో ఒక పేరు వినబడుతుంది. డైరెక్టరీలో వెతికితే పేటా, ఇంటి నంబరూ దొరుకుతాయి. కేసు పుస్తకంలో ఆ నంబరు తీసి చదవాలి. ఒక్కోసారి అక్కడ రెండు పేజీల సంభాషణ, ఒక్కోసారి నాలుగు వాక్యాలు, చాలాసార్లు అసలు ఆ నంబరే ఉండదు. పది కేసులకూ డైరెక్టరీ ఒక్కటే కాబట్టి, అందులో పేరున్నంత మాత్రాన ఆ మనిషికి ఈ కేసుతో సంబంధం ఉందని చెప్పలేం. పత్రికా అంతే. ఏ మూల చిన్న వార్త ఆధారమో, ఏది ఉత్త ప్రకటనో అచ్చులో తేడా కనబడదు. పాత కేసుల నాటి పత్రికలు కూడా తిరగేయొచ్చు. ఏ వాక్యం కింద గీత గీయాలో మనమే తేల్చుకోవాలి. ఆటగాళ్ల బుద్ధి మీద ఇంత నమ్మకం ఉంచిన ఆటలు అరుదు.

ఎటూ తోచనప్పుడు వెళ్లడానికి కొన్ని చోట్లున్నాయి. వీలునామా చూడాలంటే సోమర్‌సెట్ హౌస్, గుర్రబ్బండి ఎవరిని ఎక్కడ దించిందో తెలియాలంటే బండ్ల షెడ్డు, పెద్దింటి గుసగుసలకు లాంగ్‌డేల్ పైక్ అనే మనిషి. ఎవరి దగ్గరికి ఏ ప్రశ్నతో వెళ్లాలో ఆలోచిస్తుంటేనే కేసు రూపు కడుతుంది. ఇక చాలు, జవాబు చెప్పేద్దాం అనే నిర్ణయమూ మనదే. నా లెక్కన ఈ ఆటలో అత్యంత ఉత్కంఠ కలిగించేది ఆ ఘడియే. ఒకరు ఇంకొక్క ఇల్లు చూద్దామంటారు, ఇంకొకరు హంతకుడు దొరికాడంటారు; ఇద్దరి దగ్గరా కారణాలుంటాయి.

చివర్లో హోమ్స్‌తో పోల్చి వేసుకునే మార్కుల పద్ధతి నాకు నచ్చలేదు. హోమ్స్ కన్నా ఎక్కువగా తిరిగిన ప్రతి చోటుకూ 5 మార్కులు కోత. ఆయన కొన్ని కేసులు ఎంత తక్కువ ఆధారాలతో తేలుస్తాడంటే, మనం కూడా అలాగే ఆడితే కథలో సగం చదవకుండానే పోతుంది. మార్కులు పక్కనపెట్టి, కావలసినన్ని ఇళ్లు తిరగండి.

పెట్టె మీద ఎనిమిది మంది దాకా అని ఉంటుంది గానీ నలుగురు దాటితే చివర కూర్చున్నవాళ్లకు పత్రిక అందదు. ఆట మొత్తం ఇంగ్లీషులోనే ఉంటుంది, అదీ పాతకాలపు ధోరణిలో. కాబట్టి బాగా చదవగలిగినవాళ్లు పైకి చదివి, అక్కడక్కడ తెలుగులో చెబుతూ ఉంటే మంచిది. ఒకరు నోట్సు రాసుకోవాలి. ఏ కేసైనా ఒక్కసారే ఆడగలం, జవాబు తెలిశాక అంతే. అందుకే కేసు పుస్తకం మీద పెన్ను పెట్టకండి. పది కేసులూ వరసగా పూర్తిచేసి, పెట్టెను ఇంకో బృందానికి ఇచ్చేయొచ్చు.