నీటి డిసెంబరు, మంచు డిసెంబరు

గన్నవరం విమానాశ్రయంలో మంచు కంటికి అడ్డం పడుతుంది. షికాగోలో చక్రం కిందికి వస్తుంది. భోగి రోజుల్లో విమానం దిగలేక గాల్లో చక్కర్లు కొట్టడం మనవాళ్ళకు అలవాటే. అందుకే జారే రన్‌వే అనగానే అది అమెరికాలో ఉన్న పిల్లల కష్టం అనుకుంటాం. నా దృష్టిలో ఆ రెండు నేలలూ దగ్గరి చుట్టాలే.

2021 నవంబరు నుంచి ప్రపంచమంతా రన్‌వేకు ఒకే లెక్కలో అంకె వేస్తోంది. పొడి నేలకు 6, తడిసిన ఐసుకు 0. అణిగిన మంచుకు, చలి మరీ ముదరకపోతే, 3. మూడు మిల్లీమీటర్లు దాటి నిలిచిన నీటికి 2. అంటే 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ లాంటి తుపాను వాన, రన్‌వేను అణిగిన మంచు కంటే ఒక మెట్టు కిందికి దించగలదు. మంచు ముందే కనబడుతుంది, ఊడ్చే బండ్లు వస్తాయి. నీరు అలా కాదు, జల్లుతో వచ్చి జల్లుతో పోతుంది. మంచు మీద టైరుకు పట్టు తక్కువైతే, నీటి మీద వేగంలో టైరు నేలనే తాకకుండా తేలిపోతుంది. అందుకే పైలట్ కావాలనే కాస్త గట్టిగా దించుతాడు. లోపల మనం "కుదిపేశాడు" అని విసుక్కుంటాం.

పక్కగాలి దగ్గర మాత్రం రెండు చోట్లా విద్య ఒకటే. ఇబ్రహీంపట్నం ఫెర్రీలో ఏరు దాటే పడవను చూడండి: ముక్కు ఎగువకు, పోక అడ్డంగా. విమానమూ అలాగే ముక్కు గాలివైపు పెట్టి రన్‌వే వెంట వస్తుంది. పడవకు ఒడ్డు తగిలితే గండం గడిచినట్టే, విమానానికి అసలు పరీక్ష అక్కడే మొదలు. ముక్కు గాలివైపు తిరిగి ఉండగా ఇంజిన్లకు రివర్సు పెడితే, ఆ లాగుడు విమానాన్ని గాలివాలు పక్కకు ఈడుస్తుంది. ఆగాలని ప్రాణం కొట్టుకుంటున్నా, రివర్సు తగ్గించి, బ్రేకు వదిలి, ముందు మధ్యగీత మీదికి తెచ్చుకోవాలి. ఇంతకంటే కష్టమైన ఓర్పు నాకు తెలియదు.

షికాగో మిడ్‌వే విమానాశ్రయంలో అన్నిటికంటే పొడవైన రన్‌వేకు కూడా రెండు కిలోమీటర్లు లేవు. 2005 డిసెంబరు 8న మంచులో, వెనకగాలితో దిగిన విమానం కంచె దాటి రోడ్డెక్కింది. కారులో ఉన్న ఆరేళ్ళ బాబు చనిపోయాడు. ఇటు కోజికోడ్‌లో 2020 ఆగస్టు 7న తడి రన్‌వే, అదే వెనకగాలి: 21 ప్రాణాలు. మన గన్నవరం రన్‌వే మాత్రం 2286 మీటర్ల నుంచి 3360కి పెరిగింది. విమానాశ్రయ విస్తరణకు కేసరపల్లి, అజ్జంపూడి, బుద్ధవరం రైతులు పొలాలిచ్చారు. డెల్టా రైతు నీరు నిలవాలని గట్టు వేస్తాడు. రన్‌వే మీద చుక్క నిలవకూడదని ఇరుపక్కలకూ వాలు తీస్తారు.