చేయి తిరగడమంటే ఏమిటి?
ప్రవర్తన విశ్లేషణ బలాబలాలు

మా పాణ్యం ప్రాంతం రాళ్ళ సీమ. కర్నూలు శిలాసముదాయంలో ఒక పొరకు భూగర్భ శాస్త్రజ్ఞులు 'పాణ్యం క్వార్ట్జైటు' అని ఈ ఊరి పేరే పెట్టారు. పడమటనున్న బేతంచెర్లలో నేలకు పరచే నాపరాళ్ళు కోస్తారు. తూర్పున నంద్యాల చేరి, అక్కడి నుండి దక్షిణంగా కడప రహదారిని పట్టుకొని పోతే ఆళ్ళగడ్డ వస్తుంది. అక్కడి శిల్పుల పేరు తెలుగునాట తెలియనివారు తక్కువ.

ఆళ్ళగడ్డలో ఒక పందిరి కింద ఇద్దరు పని చేస్తున్నారనుకుందాము. ఇద్దరి చేతులలోను ఒకే రకపు ఉలి, ఒకే బరువు గల సుత్తి. ఒకరి దెబ్బకు రాతి పెచ్చు కోరినంత మేరకే లేస్తుంది. రెండవవాడి దెబ్బకు ఉలి జారుతుంది; లేదా అక్కరలేని చోట రాయి విరుగుతుంది. ఈ తేడా ఎందువలన కలిగిందని అడిగితే, "ఆయనకు చేయి తిరిగింది, వీడికి ఇంకా తిరగలేదు" అంటారు. మాట చక్కనిదే. కాని అది జవాబు అవుతుందా?

చేయి తిరిగింది గనుక బాగా చెక్కుతున్నాడంటాము. చేయి తిరిగిందని ఎట్లా తెలిసిందంటే, బాగా చెక్కుతున్నాడు గనుక అంటాము. గానుగెద్దువలె తిరిగి తిరిగి మొదటికే వచ్చాము. ఈ చిక్కు నుండి బయటపడడానికి పుట్టిన మార్గాలలో ప్రవర్తన విశ్లేషణ ముఖ్యమైనది. మనిషి చేసే క్లిష్టమైన పనులను, నేర్పులను తెలుసుకొనడానికి అది ఎంతవరకు ఉపకరిస్తుంది? ఎక్కడ చాలకుండా పోతుంది? ఈ ప్రశ్నలను ఉలి దగ్గరే పరీక్షించి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

పద్ధతి స్వరూపం

1898 లో థార్న్‌డైక్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఆకలిగొన్న పిల్లులను గడియ పెట్టిన పెట్టెలలో ఉంచి, అవి ఎంతసేపటికి బయటపడుతున్నవో లెక్కకట్టాడు. గడియను తీయగలిగిన కదలికలు నిలిచిపోయాయి. వృథా కదలికలు క్రమంగా రాలిపోయాయి. బి. ఎఫ్. స్కిన్నర్ 1938 లో ప్రకటించిన గ్రంథంలో ఈ భావాన్ని ప్రయోగ శాస్త్రంగా విస్తరించాడు. 1953 నాటి గ్రంథంలో మానవ వ్యవహారాలకు అన్వయించాడు.

ఈ పద్ధతిలో గమనించవలసినవి మూడు: పనికి ముందున్న పరిస్థితి, జరిగిన పని, దాని వెంట వచ్చిన ఫలితం. ఒక ఫలితం వలన ఆ పని మళ్ళీ మళ్ళీ జరిగితే ఆ ఫలితాన్ని పునర్బలనం అంటారు. కోరిన పనికి కొంచెం దగ్గరగా ఉన్నదానిని మొదట మెచ్చి, పోను పోను గీతను ముందుకు జరపడాన్ని 'మలచడం' అంటారు. ఒక పని ముగింపే తరువాతి పనికి సూచన అయ్యేటట్లు కూర్చితే అది 'గొలుసు'.

ఇందులో నైతికంగా కూడా ఒక మేలు ఉన్నది. నేర్చుకొనేవాడు తప్పు చేస్తే ఈ శాస్త్రం అతని బుద్ధిని గాని, పుట్టుకను గాని నిందించదు. ముందున్న పరిస్థితి ఎట్లా ఉన్నది, ఫలితం ఎప్పుడు తెలిసింది అని అడుగుతుంది. అంటే ప్రశ్న శిష్యుని మీద నుండి బోధన మీదికి మారుతుంది.

రాయి ఆలస్యం చేయదు

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలో ఫ్రెడ్ కెల్లర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు మోర్సు తంతి సంకేతాలు నేర్పే పద్ధతిని మార్చాడు. అంతకు ముందు విద్యార్థులు చాలా సంకేతాలు విని వ్రాసుకొన్న తరువాతనే తప్పొప్పులు తెలిసేవి. కెల్లర్ పద్ధతిలో ఒక సంకేతం వినిపించిన తరువాత కొద్ది క్షణాలు ఆగి, అది ఏ అక్షరమో ఉపాధ్యాయుడు వెంటనే చెబుతాడు. పనికి, ఫలితానికి నడుమనున్న ఎడం దాదాపు పోయింది. ఈ పద్ధతిని సైన్యం శిక్షణలో అనుసరించింది.

శిల్పి పందిరి కింద ఈ ఏర్పాటు సహజంగానే ఉన్నది. దెబ్బ పడిన మరుక్షణమే రాయి బదులు చెబుతుంది. పెచ్చు లేచిందో లేదో కన్ను చూస్తుంది. ఉలి ఎట్లా తగిలిందో చేతికి తెలుస్తుంది. రాయి గట్టిదో, లోపల పగులున్నదో చప్పుడు చెబుతుంది. పురుషశిల, స్త్రీశిల, నపుంసకశిల అని శిల్పశాస్త్రాలు చేసిన విభజనలో రాతి నాదం ఒక గురుతు. ప్రవర్తన విశ్లేషకుడు దానిని 'విచక్షణకు ఆధారమైన ఉద్దీపన' అంటాడు. పేరు వేరైనా విషయం ఒకటే: ఏ నాదానికి ఎట్లా కొట్టాలో నేర్చినవాడే పనివాడు.

అయితే ఒక పోలికను మాత్రం మన శిల్పి ఒప్పుకోడు. మలచడాన్ని వివరిస్తూ స్కిన్నర్, శిల్పి మట్టిముద్దకు రూపమివ్వడంతో దానిని పోల్చాడు. మట్టిలో తప్పు చేస్తే మళ్ళీ ముద్ద చేయవచ్చు. రాతిలో ముక్కు విరిగితే విరిగినట్లే. కాబట్టి ఇక్కడ అభ్యాసమంతా తప్పులు చేసి దిద్దుకొంటూ సాగడానికి వీలులేదు. తప్పు చేసినా నష్టం లేని పనులు మొదట, తప్పును సహించని పనులు చివర రావాలి. కొత్తవానికి మోటు చెక్కుడు, నునుపు పెట్టడం వంటివి అప్పగించి, ముఖాన్ని, కన్నులను గురువు తన చేతిలోనే ఉంచుకొనడంలోని యుక్తి ఇదే. మలచడమనే సూత్రాన్ని ఇది కాదనదు. దానికి చేర్చవలసిన ఒక షరతును చూపుతుంది.

గొలుసు తెగిన చోటు

ఇక లోపాలకు వద్దాము. క్లిష్టమైన నేర్పు అంటే చిన్న చిన్న కదలికల గొలుసే అనే భావం చాలా కాలంగా ప్రచారంలో ఉన్నది. 20 వ శతాబ్ది ఆరంభంలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్ తాపీపనిని పరిశీలించి, ఒక ఇటుకను పేర్చడానికి అవసరమైన కదలికలను 18 నుండి 5 కు తగ్గించాడు. శ్రమ తగ్గింది, పని పెరిగింది. ఇందువలన ప్రతి నేర్పును అంచెలుగా విడగొట్టి, పట్టిక వ్రాసి నేర్పవచ్చుననే నమ్మకం బలపడింది. నేటికీ శిక్షణ కేంద్రాలలో గోడలకు వేలాడే పట్టికలలో ఆ నమ్మకమే కనిపిస్తుంది.

1951 లో ప్రకటించిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో కార్ల్ లాష్లీ ఈ గొలుసును ప్రశ్నించాడు. వాద్యకారుని వేళ్ళు సెకనుకు 16 సార్ల వరకు కదలవచ్చు. ఒక కదలిక కలిగించిన స్పర్శ మెదడును చేరి, అక్కడి నుండి తరువాతి కదలికకు ఆజ్ఞ రావడానికి అంత వ్యవధి ఎక్కడిది? మన మృదంగ విద్వాంసుల వేళ్ళను చూచినవారికి ఈ ప్రశ్న బరువు తెలుస్తుంది. వరుస అంతా ముందే ఏదో విధంగా సిద్ధమై ఉండాలని లాష్లీ వాదించాడు. భాషను ప్రవర్తనగా వివరిస్తూ స్కిన్నర్ 1957 లో గ్రంథం వ్రాయగా, 1959 లో నోమ్ చామ్‌స్కీ దానిని తీవ్రంగా విమర్శించాడు. మనిషి ఎన్నడూ వినని వాక్యాన్ని కొత్తగా చెప్పగలడు. దీనికి గత పునర్బలనాల చరిత్ర ఒక్కటే చాలదని అతని వాదం. శిల్పి కూడా అంతే. అంతకు ముందెన్నడూ చెక్కని భంగిమను కొత్త రాతిలో చూడగలడు.

ఉలికే నేరుగా సంబంధించిన ఆధారం ఒకటి రష్యా నుండి వచ్చింది. 1920 ప్రాంతాలలో మాస్కోలోని కేంద్ర శ్రమ సంస్థలో నికొలాయ్ బెర్న్‌స్టయిన్, ఉలిని సుత్తితో కొట్టే పనివారిని పరిశీలించాడు. వారి కీళ్ళ దగ్గర చిన్న దీపాలు అమర్చి, కదలికల జాడలను ఛాయాచిత్రాలుగా తీశాడు. నేర్పరి అయినవాడు ప్రతిసారి ఒకే కదలికను అచ్చుగుద్దినట్లు చేస్తాడని మనమనుకొంటాము. కాని భుజం, మోచేయి, మణికట్టు ఒక దెబ్బలో కదిలినట్లు మరొక దెబ్బలో కదలలేదు. ఒక కీలులో వచ్చిన తేడాను మరొక కీలు సర్దుతున్నది. సుత్తి చివర మాత్రం చేరవలసిన చోటికే చేరుతున్నది. నేర్పు అంటే ఒకే కదలికను మళ్ళీ చేయడం కాదు. ఒకే సమస్యను ప్రతిసారి మళ్ళీ పరిష్కరించడం.

ఇది మన దేశంలోనే మరొకమారు ఋజువయింది. గుజరాత్‌లోని ఖంభాత్ పనివారు కఠినమైన రాళ్ళను కొమ్ము సుత్తితో కొట్టి పూసలు చేస్తారు. వాలెంటిన్ రూ, బ్లాందిన్ బ్రిల్ మొదలైన ఫ్రెంచి పరిశోధకులు సుత్తికి త్వరణాన్ని కొలిచే పరికరం అమర్చి వారి పనిని పరిశీలించారు. ఫలితాలు 1995 నుండి వెలువడ్డాయి. మేలురకం పూసలు చేసేవారికి, సాధారణ రకం చేసేవారికి పని వరుస తెలుసు. అసలు తేడా ఒక్కొక్క దెబ్బను అదుపు చేయడంలో ఉన్నది. రాతికి బదులు పెళుసైన గాజునిచ్చినప్పుడు మేటి పనివారు దెబ్బ బలాన్ని దానికి తగినట్లు మార్చుకొన్నారు; తక్కినవారు అంతగా మార్చుకోలేకపోయారు. పట్టిక ఇద్దరికీ వచ్చును. రాయి మాట ఒకరికే వినిపిస్తున్నది!

దోషం ఎవరిది?

ఇంతటితో ప్రవర్తన విశ్లేషణ కూలిపోయిందా? కూలలేదని నా అభిప్రాయం. స్కిన్నర్ పనిని నిర్వచించిన తీరును జ్ఞాపకం చేసుకోవాలి. ఎలుక మీటను ముందు కాలితో నొక్కినా, మూతితో నొక్కినా అది ఒకే పని; ఎందుకంటే ఫలితం ఒకటే. పనికి గురుతు కదలిక ఆకారం కాదు, అది లోకంలో తెచ్చిన మార్పు. బెర్న్‌స్టయిన్ దీపాలు చూపిన సత్యం దీనికి ఎంతో దగ్గరగా ఉన్నది. ఈ మూలసూత్రాన్ని మరచి, పనిని కదలికల పట్టికగా మార్చినవారిదే పెద్ద దోషం.

మా ప్రాంతపు జ్వాలాపురం దీనికి ఒక విధంగా సాక్షి. బనగానపల్లె దగ్గరి ఈ గ్రామంలో, సుమారు 74,000 సంవత్సరాల కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం వెదజల్లిన బూడిదకు పైన, కింద కూడా మనుషులు చేసిన రాతి పనిముట్లు దొరికాయని 2007 లో పరిశోధకులు ప్రకటించారు. ఆ చేతులు నేడు లేవు. ఆ కదలికలను చూచినవారు లేరు. దెబ్బ తగిలిన చోటు, పెచ్చు లేచిన తీరు మాత్రం రాతిలో నిలిచిపోయాయి. వాటిని బట్టే పురాతత్వజ్ఞులు ఆనాటి నేర్పును అంచనా వేస్తున్నారు. ఫలితంలో పని చదువుకొనడమంటే ఇదే.

అయినా రెండు చోట్ల ఈ శాస్త్రం తన హద్దును ఒప్పుకొనక తప్పదు. మొదటిది, ఒక్క దెబ్బ లోపల కీళ్ళు, కండరాలు, నాడులు ఎట్లా సర్దుకొంటున్నవో అది చెప్పలేదు; అందుకు యంత్రశాస్త్రం, నాడీశాస్త్రం కావాలి. రెండవది కొత్తదనం. స్కిన్నర్ 1966 లో, సూత్రాన్ని అనుసరించి చేసే పనిని, అనుభవ ఫలితాలు మలచిన పనిని వేరుచేసి చూపాడు. ఇది ఉపయోగకరమైన విభజన. నవతాళ ప్రతిమ ఎత్తు 9 తాళాలనీ, తాళానికి 12 అంగుళాల వంతున 108 అంగుళాలనీ శిల్పశాస్త్రం చెబుతుంది, ఇది సూత్రం. ఉలిని ఎంత వాలులో పట్టాలో, ఎంత బలంగా కొట్టాలో రాయే నేర్పుతుంది. కాని ఈ రెండూ తెలిసినవారిలో ఒకరి విగ్రహం ముఖంలో శాంతం పలకడం, మరొకరి దానిలో పలకకపోవడం ఎందుకో ఈ విభజన చెప్పదు. చెప్పగలిగినట్లు నటించడం శాస్త్రానికి శోభ కాదు.

మన ప్రయోగశాలలో

ఈ చర్చ పండితులకే పరిమితమైనది కాదు. కళాశాల ప్రయోగశాలలో బ్యూరెట్టు పట్టిన విద్యార్థిని చూడండి. ఎడమచేత మరను తిప్పుతూ, కుడిచేత కుప్పెను కదుపుతూ, రంగు మారే చుక్క దగ్గర ఆపాలి. మనమేమి చేస్తాము? పది అంచెల పట్టిక వ్రాయిస్తాము. అతడు దానిని కంఠస్థం చేస్తాడు; మౌఖిక పరీక్షలో తప్పు లేకుండా అప్పజెబుతాడు. బ్యూరెట్టు దగ్గర మాత్రం చుక్క దాటిపోతుంది. అతని విలువ సరియైనదో కాదో రికార్డు దిద్దిననాటికి గాని తెలియదు. అప్పటికి ఆ చేతి అనుభవం చల్లారిపోయి ఉంటుంది. చివరకు "వీడికి చేయి రాదు" అని తీర్పు చెబుతాము. అట్లాంటి తీర్పులు నేనూ చాలా చెప్పాను. ఇప్పుడు ఆలోచిస్తే, వాటిలో ఎన్ని విద్యార్థికి చెందినవో, ఎన్ని నా బోధనకు చెందినవో అని సందేహం కలుగుతున్నది.

చేయవలసినది కష్టమైనదేమీ కాదు. విలువ ముందే తెలిసిన ద్రావణంతో మొదలుపెట్టి, ప్రతిసారి ఎంత తప్పినాడో అప్పటికప్పుడే తెలియనివ్వాలి. చేతిని ఇట్లాగే పట్టాలని శాసించక, చివరి చుక్క దగ్గర ఆగినాడా లేదా అన్నదే చూడాలి. తప్పినా నష్టం లేని పనులు చాలినన్ని ఇచ్చిన తరువాతనే మార్కుల పరీక్ష పెట్టాలి. ఉలి పట్టిన కుర్రవానికి గాని, కుట్టుమిషను ముందు కూర్చున్న అమ్మాయికి గాని ఇవే నియమాలు వర్తిస్తాయి.

చేయి తిరగడమంటే చేయి ఒకే దారిన తిరగడం కాదు. దారి ఏదైనా గమ్యానికే తిరగడం. ఆ గమ్యాన్ని చూపి, చేరినదీ చేరనిదీ వెంటనే తెలియజెప్పడం గురువు వంతు. ప్రవర్తన విశ్లేషణ నుండి మనం ఇంతమాత్రం నేర్చుకొన్నా, "చేయి రాదు" అనే తీర్పును వాయిదా వేయగలుగుతాము. ఆళ్ళగడ్డ రాయి తన ముందు కూర్చున్నవానికి ఆ తీర్పు చెప్పదు. ప్రతి దెబ్బకు బదులు మాత్రం చెబుతుంది.