హోష్‌రుబా తొలి సంపుటం: ఒక తెలుగు పాఠకుని పరామర్శ

ఖిదిర్‌పూర్ కూడలి నుంచి పడమరగా గార్డెన్‌రీచ్ దారి పట్టి పోతే ముందుగా రేవు గోడలు, వాటిని దాటాక ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం, ఇంకొంత దూరాన మటియాబుర్జ్ వస్తాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి విజయనగరం, వాల్తేరు మార్గాన ఉద్యోగాలకు వచ్చిన తెలుగు కుటుంబాలకు ఈ దారి కొత్తది కాదు. 1856లో రాజ్యం పోగొట్టుకొని కలకత్తా చేరిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా మటియాబుర్జ్‌లోనే తన పరివారంతో ఒక చిన్న లక్నోను నిలిపి, 1887లో అక్కడే కన్నుమూశాడు. బాల్యంలో ఆ పరిసరాలలో పెరిగిన అబ్దుల్ హలీం షరర్ లక్నో నాగరకతను గురించి తరువాత వ్రాసిన గ్రంథంలో దాస్తాన్ చెప్పే విద్యకు నాలుగు అంగాలు చెప్పాడు: యుద్ధం, సభా వైభవం, సౌందర్య ప్రణయాలు, అయ్యారీ. ఈ నాలుగింటిలో చివరిదానికి తెలుగులో సరియైన మాట లేదు. వేషధారణ, వేగు నడపడం, మత్తుమందు ప్రయోగం, హాస్యం, చౌర్యం అన్నీ కలిసిన విద్య అది. దానిని కథా నిర్వహణకే మూలస్తంభం చేసిన రచన 'తిలిస్మ్-ఎ-హోష్‌రుబా'.

మొదటి సంపుటం 1883లో లక్నోలో మున్షీ నవల్ కిశోర్ ముద్రణాలయం నుంచి వెలువడింది. రచయిత ముహమ్మద్ హుసేన్ జాహ్. ఆయన నాలుగు సంపుటాలు పూర్తిచేయగా, మిగిలినవి అహ్మద్ హుసేన్ కమర్ వ్రాశాడు. అమీర్ హంజా దాస్తాన్ నవల్ కిశోర్ ప్రచురణలో మొత్తం 46 సంపుటాలు. హోష్‌రుబా అందులో ఒక భాగమే అయినా, దాని ముందు తక్కినవి వెలవెలబోయాయి. ఉర్దూ లిపి చదవలేని నాబోటివారికి 2009 మేలు చేసిన సంవత్సరం. ముషర్రఫ్ అలీ ఫారూఖీ ఆంగ్లానువాదపు తొలి గ్రంథం, షహనాజ్ ఎజాజుద్దీన్ చేసిన సంక్షిప్తానువాదం రెండూ ఆ యేడే వచ్చాయి. మొదటిది విస్తారంగా చెబుతూ ప్రారంభ కథ దగ్గరనే ఆగింది. రెండవది కథాగమనాన్ని నిలిపి వర్ణనలను కుదించింది. మూలపు రుచి కావలసినవారు మొదటిదానితోనే ఆరంభించడం మంచిది.

కథ సంగ్రహంగా ఇది. తనను తాను దేవుడినని చాటుకొనే లకా అనే దుర్మార్గుడు హంజా చేతిలో ఓడి పారిపోయి కోహ్-ఎ-అకీక్ రాజు ఆశ్రయం కోరుతాడు. ఆ ప్రాంతానికి పొరుగున ఉన్నది హోష్‌రుబా, మాంత్రికుల సామ్రాజ్యం. దాని చక్రవర్తి అఫ్రాసియాబ్. హంజా కుమారుడు బదీ ఉజ్ జమాన్ వేటలో ఒక లేడి వెంటబడి ఆ మాయాభూమిలో చిక్కుకుంటాడు. (మాయలేడి వెంట పోయినవానికి ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.) ఆ భూమిని జయించగలవాడు హంజా మనుమడు అసద్ ఒక్కడేనని జోస్యం తేల్చుతుంది. అసద్ బయలుదేరుతాడు. అతనికి తోడు అయ్యారులు. వారందరికీ గురువు అమర్ అయ్యార్.

ఇంతవరకు చదివి ఇది వీరగాథ అనుకున్న పాఠకునికి త్వరలోనే ఆశ్చర్యం కలుగుతుంది. విధి నిర్ణయించిన విజేత అసద్ ప్రేమలో పడతాడు, బందీ అవుతాడు, చాలాభాగం కథకు దూరంగా ఉండిపోతాడు. కథను నడిపేవారు ఇద్దరు: శత్రుపక్షం వదలి వచ్చినవారు, వేషం మార్చి శత్రువుల నడుమ తిరిగేవారు. అఫ్రాసియాబ్ బంధువర్గంలోని మహ్‌జబీన్ అసద్‌ను వరిస్తుంది. ఆమె అమ్మమ్మ మహ్రుఖ్, స్వయంగా మహామాంత్రికురాలు, చక్రవర్తిపై తిరుగుబాటు జెండా ఎత్తుతుంది. చక్రవర్తి భార్య హైరత్‌కు సోదరి అయిన బహార్, తిరుగుబాటును అణచడానికి వచ్చి అమర్ చాతుర్యానికి లోబడి, చివరకు ఆ పక్షానికే పెద్ద దిక్కు అవుతుంది. ఈ సంపుటానికి ప్రాణం ఈ పక్షమార్పిడిలోనే ఉందని నా అభిప్రాయం. బయటినుంచి వచ్చిన సైన్యం హోష్‌రుబాను కూల్చలేదు. లోపలివారి మనస్సు విరిగినప్పుడే దాని పునాది కదలింది. అలా విరిగిన మనస్సులలో ఎక్కువ భాగం స్త్రీలవి.

బహార్ ప్రవేశ ఘట్టం ఒక్కటి చాలు ఈ రచయిత శక్తిని గుర్తించడానికి. ఆమె ఆయుధం వసంతం. ఆమె వచ్చిన చోట చల్లని గాలి వీస్తుంది, ఎండిన నేల తోట అవుతుంది, ఆమె పూలచెండు విసరితే శత్రుసైనికులు మతిపోయి ఆమెనే కీర్తిస్తూ తమ గొంతులు తామే కోసుకుంటారు. ప్రబంధాల వసంతవర్ణనకు అలవాటు పడిన తెలుగు పాఠకునికి ఇక్కడ ఒక చిన్న వణుకు పుడుతుంది. మన కవులకు ఉద్దీపన విభావమైన వసంతం ఇక్కడ వధోపకరణం. వర్ణన ఎంత సుకుమారంగా సాగుతుందో, దాని ఫలితం అంత క్రూరంగా ఉంటుంది. ఈ వైరుధ్యాన్ని జాహ్ ఎక్కడా వ్యాఖ్యానించడు, చెప్పుకుంటూ పోతాడు.

అఫ్రాసియాబ్ పాత్ర మరొక విశేషం. అతని వద్ద సామిరీ గ్రంథం ఉంది. తెరచి చూస్తే రాజ్యంలో ఏ మూల ఏమి జరుగుతున్నదో, ఏ వేషంలో ఏ అయ్యారు ఉన్నాడో అంతా కనబడుతుంది. అయినా ప్రతిసారీ ఆలస్యమవుతుంది. సభ ముగియాలి, పానగోష్ఠి జరగాలి, ఆజ్ఞ వ్రాయాలి, దూతను పంపాలి. ఆ దూత చేరేసరికి అక్కడి మాంత్రికుని తల తెగి ఉంటుంది. సమాచారమంతా చేతిలో ఉండి కూడా దస్త్రం కదలని స్థితి ఈ పత్రిక పాఠకులలో కొందరికి అపరిచితం కాకపోవచ్చు. కొందరు విమర్శకులు హోష్‌రుబాను పతనమైన అవధ్‌కు ప్రతిరూపంగా చదవడానికి మొగ్గుతారు. కాలం అందుకు అనుకూలించే మాట నిజమే: కూలిన రాజ్యపు రాజు మటియాబుర్జ్‌లో జీవించి ఉండగానే లక్నోలో ఈ సంపుటం అచ్చయింది. కాని ఈ గాథకు మూలరూపం మీర్ అహ్మద్ అలీ వంటి లక్నో కథకుల నోట అంతకుముందే రూపుదిద్దుకున్నదని పరిశోధకులు చెబుతారు. దానిని రాజకీయ రూపకంగా కుదించడం దానికి న్యాయం కాదు.

ఈ సంపుటంలో నన్ను ఇబ్బంది పెట్టిన విషయం వేరొకటి ఉంది. అమర్ చేతికి చిక్కిన మాంత్రికునికి రెండే దారులు: తన దైవాలను విడిచి విజేతల మతం స్వీకరించడం, లేదా తల ఇవ్వడం. మాంత్రికులు కొలిచే సామిరీ, జంషీద్ మన దేవతలు కారు, పశ్చిమాసియా గాథల నుంచి వచ్చిన పేర్లు. కనుక దీనిని ఈ దేశపు మతవైరంగా చదవడం పొరపాటు. అయినా నిద్రపోతున్నవానిని, మత్తులో ఉన్నవానిని, అతిథిగా ఆదరించినవానిని చంపి నవ్వుకునే కథకుని నవ్వులో పాలుపంచుకోవడం నేటి పాఠకునికి అంత సులభం కాదు. ఈ సందర్భంలో ఖిదిర్‌పూర్ మరొకరిని గుర్తుచేస్తుంది. చిన్నతనంలో ఈ పేటకు వచ్చి ఇక్కడే పెరిగిన మైకేల్ మధుసూదన దత్తు 1861లో 'మేఘనాదవధ కావ్యం' వెలువరించాడు. అక్కడా ప్రతినాయకుడు మాయాయుద్ధ విశారదుడు. అక్కడా అతడు ఆయుధం చేతలేని వేళ, ఎదిరి మాయను ఆశ్రయించి వచ్చినప్పుడు హతుడవుతాడు. మధుసూదనుడు దానిని విషాదం చేశాడు. ఇరవై రెండేళ్ల తరువాత జాహ్ అటువంటి చావునే పదేపదే ప్రహసనం చేశాడు. ఆ రెండూ ఎరిగిన పాఠకుడు అమర్‌ను మెచ్చుకుంటూనే అతనిని పూర్తిగా నమ్మడు. నిజానికి జాహ్ కూడా నమ్మలేదేమో! అమర్ పిసినారితనం, శవం మీది నగతో సరిపెట్టుకోక గుడారంలోని తివాచీ వరకు చుట్టి అక్షయమైన తన సంచిలో వేసుకోవడం, మనం అతనిని ఆరాధించకుండా కాపాడుతుంటాయి.

పునరుక్తి ఇందులో పెద్ద దోషమని సాధారణంగా చెబుతారు. కొత్త మాంత్రికుడు వస్తాడు, మహ్రుఖ్ సేనను స్తంభింపజేస్తాడు, అయ్యారు గాయనిగానో వంటవాడిగానో ప్రవేశిస్తాడు, మద్యంలో మత్తుమందు కలుపుతాడు, తల నరుకుతాడు. చీకటి కమ్మి, చచ్చినవాని పేరు ఆకాశంలో మారుమ్రోగుతుంది. యాభై పుటలలో ఇది మూడుసార్లు జరిగితే నవలకు అలవాటుపడిన కన్ను అలసిపోతుంది. అయితే ఇది కంటికోసం పుట్టింది కాదు. రాత్రికి ఒక ఘట్టం చొప్పున బిగ్గరగా చదువుకుంటే విసుగు కలిగించిన ఆవృత్తమే ఊరట అవుతుంది. ఈసారి ఏ వేషం అన్న ఒక్క ప్రశ్న మీద శ్రోత నిలబడతాడు. బుర్రకథ, హరికథ విన్న మన పెద్దలకు ఈ నిర్మాణరహస్యం తెలిసినదే. 2005 నుంచి మహమూద్ ఫారూఖీ దాస్తాన్‌గోయీని మళ్లీ వేదిక ఎక్కించి సాధించిన విజయానికి మూలం కూడా ఇదే.

తెలుగువారికి ఈ ప్రపంచం దూరమేమీ కాదు. దేవకీనందన్ ఖత్రీ 1888 నాటి 'చంద్రకాంత'తో తిలిస్మును, అయ్యారీని హిందీలోకి తెచ్చాడు. అయితే మంత్రాన్ని తొలగించి యంత్రాన్ని పెట్టాడు. 1994లో దూరదర్శన్ ధారావాహికగా మన ఇళ్లకు వచ్చినది దాని ఛాయ. మనకు స్వతంత్రంగా కాశీమజిలీ కథలు ఉన్నాయి, బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ఉన్నాడు, 1954లో 'చందమామ'లో 'తోకచుక్క'తో మొదలై దాసరి సుబ్రహ్మణ్యం వ్రాసిన ధారావాహికలు ఉన్నాయి. వాటిలో లేనిది, హోష్‌రుబాలో ఉన్నది ఒకటి: మాంత్రికులకు కూడా ఇల్లు, వాకిలి, అక్కచెల్లెళ్లు, మనుమరాలి మీద మమకారం ఉండడం. మన మాంత్రికుడు గుహలో ఒంటరివాడు. హైరత్, బహార్ ఎదురెదురు శిబిరాలలో నిలిచి ఒకరి క్షేమం ఒకరు ఆరా తీసే తోబుట్టువులు కాగల లోకం అది.

అందువల్లనే ఈ మొదటి సంపుటం తెలుగులోకి రావలసిన అవసరం కనబడుతున్నది. ఆంగ్లం మీదుగా వస్తే సగం పోతుంది. జాహ్ వచనం అంత్యప్రాసలతో సాగుతుంది. వర్ణనలో పారశీక సమాసాలు, అయ్యారుల సంభాషణలో లక్నో వీధుల నుడి. మొదటిదానికి మన ప్రబంధ గద్యం సరితూగుతుంది. రెండవదానికి హైదరాబాదు పాతబస్తీకి పొరుగున పెరిగి, ఉర్దూ పలుకుబడిని ఇంటిమాటగా వాడుకునే తెలంగాణ తెలుగు కావాలి. ఈ రెండు కలాలు ఒక చేతిలో ఉన్న అనువాదకుడు దొరకడం కష్టమైతే ఇద్దరు కలిసి కూర్చోవచ్చు. సంపుటమంతా ఒక్కమారు తలకెత్తుకోనక్కరలేదు. బహార్ ప్రవేశం నుంచి ఆమె మహ్రుఖ్ శిబిరం చేరేవరకు ఉన్న భాగాన్ని ముందు అనువదించి, అచ్చుకు ఇవ్వకముందే ఒక సభలో చదివి వినిపిస్తే, వాక్యం ఎక్కడ నిలబడిందో, ఎక్కడ తడబడిందో విన్నవారి ముఖాలే చెబుతాయి.